ఇంట్లో బీట్లు కట్టాలంటే ఏ సాఫ్ట్‌వేర్? రెండు దరువులతో తేల్చుకునే పద్ధతి

వినాయక నవరాత్రులు ముగిసిన వారంలో విశాఖలోని మా మద్దిలపాలెం వీధిలో కనీసం ఇద్దరు కుర్రాళ్లు నన్ను ఆపి అడుగుతారు: "అన్నా, బీట్లు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" తొమ్మిది రోజులు పందిట్లో స్పీకర్ల ముందు నిలబడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయిస్తాను, తీరిక దొరికిన రాత్రుల్లో ఇంట్లో కంప్యూటర్ మీద దరువులు కడతాను. కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. కానీ నేను వెంటనే పేరు చెప్పను. "నీ కంప్యూటర్ ఏమిటి? నీ చెవిలో తిరుగుతున్న దరువు ఏమిటి?" అని ఎదురు అడుగుతాను. ఈ రెండు తెలియకుండా చెప్పే పేరు కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కాలాంటిది.

ఈ రకం సాఫ్ట్‌వేర్‌ను సంగీతం చేసేవాళ్లు 'డా' (DAW) అంటారు. రికార్డింగ్, వాయిద్యాల శబ్దాలు, కూర్పు, చివరి మిక్సింగ్ అన్నీ ఒకే కిటికీలో జరిగే చోటు అది. ఇవి ఇప్పుడు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిని రెండుకు తగ్గించి, ఆ రెండింటిలోంచి ఒకటి తేల్చుకునే పద్ధతి ఇది. మొత్తం ఒక వారాంతం పని.

మొదటి అడుగు: కాగితం మీద మూడు వాక్యాలు

కంప్యూటర్ తెరవకముందే రాయండి. ఒకటి, మీరు చేయబోయేది వట్టి వాయిద్యాల బీటా, లేక దాని మీద గొంతో గిటారో రికార్డు చేయాలా? రెండు, మీ సొంత శబ్దాలు వాడతారా, సాఫ్ట్‌వేర్‌తో వచ్చే శబ్దాలు చాలా? మూడు, మీకు ఇష్టమైన నడక ఏది? నాలుగు లెక్కన సాగే నాలుగుకు నాలుగు (4/4) చాలా, లేక ఏడు, అయిదు, మూడు లెక్క తిస్రం కూడా కావాలా?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే సగం పేర్లను కొట్టేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు మైకు నుంచి రికార్డు చేయనే చేయవు. ఆ సంగతి చాలామందికి మైకు కొన్నాక తెలుస్తుంది.

మూడో ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఈ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం తెరవగానే పదహారు గళ్ల వరుస చూపిస్తాయి. తాళం ఒక చుట్టు తిరిగితే ఒక బార్. ఒక బార్‌కు నాలుగు బీట్లు (ఇక్కడ బీటు అంటే తాళంలో ఒక దెబ్బ), బీటుకు నాలుగు గళ్లు. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం మీద కూడా పదహారు బటన్లే ఉండేవి. ఆ అలవాటు కంప్యూటర్లోకీ వచ్చి కూర్చుంది. ఆది తాళం చెవిలో ఉన్నవాళ్లకు అది ఇబ్బంది పెట్టదు. అరకు వైపు థింసా ఆటలో తుడుము, డప్పు, కిరిడి కలిసి మోగడం విని పెరిగినవాళ్లకో, తప్పెటగుళ్ల వాళ్ల అడుగులు తెలిసినవాళ్లకో, ఏడు లెక్క మిశ్ర చాపు నేర్చుకున్నవాళ్లకో ఆ పదహారు గళ్లు తొందరలోనే ఇరుకవుతాయి.

రెండో అడుగు: ఉన్న యంత్రాన్ని చూసుకోవడం

విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్ వివరాలు చూడండి. ర్యామ్ 8 జీబీ ఉంటే నిశ్చింత. 4 జీబీ ఉన్నా పని నడుస్తుంది, కాకపోతే బ్రౌజర్ మూసేసి కూర్చోవాలి, శబ్దాల బరువు తగ్గించుకోవాలి. సిస్టమ్ 64 బిట్లదా కాదా చూడండి, ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ అదే అడుగుతాయి. డిస్కులో కనీసం పది పదిహేను జీబీ ఖాళీ ఉంచుకోండి. శబ్దాల ఫైళ్లు ఎప్పుడు పెరిగిపోతాయో తెలియదు.

ఇక వినే పరికరం. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. మొదటి రోజుల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కీబోర్డు మీద దరువు వాయించేవాణ్ని. ప్రతి దెబ్బా ఆలస్యంగా పడేది. పదేళ్లుగా వేదిక మీద ప్యాడ్ వాయిస్తున్న చేతులకు తాళం తప్పిందేమిటా అని రెండు వారాలు బెంగపెట్టుకున్నాను. ఒకరోజు చార్జింగ్ అయిపోయి వైరు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తాళం చక్కగా కుదిరింది. శబ్దం గాలిలో ప్రయాణించే ముందు దాన్ని కుదించి, అటువైపు విప్పడానికి బ్లూటూత్‌కు కొంత సమయం పడుతుంది. పాట వింటున్నప్పుడు తేడా తెలియదు. వాయిస్తున్నప్పుడు తెలుస్తుంది. వైరు ఉన్న హెడ్‌ఫోన్లే వాడండి.

వైరు పెట్టినా కొంచెం ఆలస్యం మిగిలితే అది బఫర్ పని. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా పోగుచేసి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 512 నమూనాల బఫర్ అంటే దాదాపు 12 మిల్లీసెకన్లు, 256 అంటే దాదాపు 6. బఫర్ తగ్గించేకొద్దీ చేతికీ చెవికీ దూరం తగ్గుతుంది, మరీ తగ్గిస్తే చిటపట శబ్దాలు మొదలవుతాయి. విండోస్ సొంత శబ్ద మార్గం ఈ పనికి కాస్త నెమ్మది. అందుకే ఆసియో (ASIO) అనే డ్రైవర్ కావాలి. మైకునూ హెడ్‌ఫోన్లనూ కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె విడిగా లేనివాళ్లకు ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. మ్యాక్ వాళ్లకు ఈ బాధ లేదు, శబ్ద వ్యవస్థ దానిలోనే ఉంటుంది.

విశాఖ వాళ్లకు ఇంకో రెండు మాటలు. సముద్రం దగ్గర ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి హెడ్‌ఫోన్ పిన్నులు, యూఎస్‌బీ మొనలు తొందరగా తుప్పు పడతాయి, వాడాక గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. అంత పెద్ద గాలి అక్కర్లేదు, ఒక్క నిమిషం కరెంటు పోయినా గంటన్నర పని పోతుంది.

మూడో అడుగు: పేర్ల దగ్గరికి

మ్యాక్ ఉన్నవాళ్లు ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. యాపిల్ 2004లో తెచ్చిన గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, రికార్డింగ్ ఉంది, డ్రమ్ములు వాయించిపెట్టే డ్రమ్మర్ అనే సౌకర్యం ఉంది. దానిలో కట్టినది రేపు యాపిల్ వాళ్లదే పెద్ద సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రోలో తెరుచుకుంటుంది. విండోస్ మీద మాత్రం రాదు.

కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించడం ఇష్టం లేనివాళ్లకు, లేదా ఇంట్లో అందరూ వాడే పాత ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లకు బ్యాండ్‌ల్యాబ్ ఉంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం, గొంతు రికార్డు చేయవచ్చు, ఫైళ్లు వాళ్ల సర్వర్‌లో దాచుకుంటుంది. గాజువాకలో ఉన్న స్నేహితుడు, ఎంవీపీ కాలనీలో ఉన్న మీరు ఒకే ప్రాజెక్టు మీద పనిచేయవచ్చు. ఇంటర్నెట్ పోతే పని ఆగుతుంది, అదొక్కటే లోటు. ఇంతకుముందు ఒక్క బీటు కూడా కట్టనివారు ముందు దీనిలో ఒక సాయంత్రం గడపడం మంచిది. గళ్లు, టెంపో (వేగం), ట్రాక్ (ఒక్కో శబ్దం నడిచే వరుస) అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

ఎల్ఎంఎంఎస్ నాకు ఇష్టమైన పేదవాడి సాఫ్ట్‌వేర్. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, విండోస్, లైనక్స్, మ్యాక్ అన్నిటి మీదా నడుస్తుంది, పాత యంత్రాన్ని పెద్దగా అలసిపోనివ్వదు. బీట్లు కట్టడానికి ఒక కిటికీ, రాగం రాయడానికి పియానో రోల్, అన్నీ పేర్చడానికి సాంగ్ ఎడిటర్. కొత్తగా చూసేవారికి ఆ కిటికీల గుంపు పూర్ణా మార్కెట్ సందులా అనిపిస్తుంది, రెండు రోజుల్లో దారి తెలుస్తుంది. దాని స్థిరమైన విడుదలల్లో మైకు రికార్డింగ్ లేదు. గొంతును వేరే చోట రికార్డు చేసి ఫైలుగా తెచ్చుకోవాలి. మొదటి అడుగులో "గొంతు కావాలి" అని రాసుకున్నవారు ఇక్కడ ఆగి ఆలోచించండి.

ఎఫ్‌ఎల్ స్టూడియో గురించి కుర్రాళ్లు అడగకుండా ఉండరు. బెల్జియంకు చెందిన ఇమేజ్-లైన్ కంపెనీ 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో దీన్ని విడుదల చేసింది. దరువు కట్టడానికి ఇంత సూటిగా ఉండే కిటికీ మరొకటి నేను చూడలేదు. ఛానల్ ర్యాక్‌లో వాయిద్యాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పక్కనే గళ్లు, నొక్కితే మోగుతాయి. దీని పియానో రోల్ కూడా హాయిగా ఉంటుంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. ట్రయల్‌కు గడువు లేదు, దాదాపు అన్ని సౌకర్యాలూ తెరిచే ఉంటాయి, పూర్తయిన పాటను ఫైలుగా తీసుకోనూవచ్చు. కానీ ట్రయల్‌లో దాచిన ప్రాజెక్టు కొన్న తర్వాతే మళ్లీ తెరుచుకుంటుంది. అంటే కూర్చున్న చోటే ఒకే విడతలో పని ముగించాలి. దీన్ని శాపం అనుకోవద్దు. రెండు గంటల్లో బీటు ముగించడం నేర్చుకున్నవాడికి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ అయినా లొంగుతుంది. కొనేటప్పుడు ఎడిషన్ల పట్టిక తప్పక చదవండి, ఎందుకంటే అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో మైకు రికార్డింగ్ ఉండదు. దాని పైన ఉన్న ప్రొడ్యూసర్ ఎడిషన్‌లో ఉంటుంది.

ఏబుల్టన్ లైవ్ బెర్లిన్ నుంచి వచ్చింది, మొదటి వెర్షన్ 2001లో. చిన్న చిన్న ముక్కలను గళ్లలో పెట్టి, వేదిక మీద అప్పటికప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మోగించడం దీని ప్రత్యేకత. నాలాంటి వేదిక మనుషులకు నచ్చుతుంది. లైవ్ లైట్ అనే చిన్న ఎడిషన్ చాలా మిడి కీబోర్డులతో (కంప్యూటర్‌కు తగిలించి స్వరాలు వాయించే కీబోర్డులు) పాటు ఉచితంగా వస్తుంది, ట్రాకుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. కీబోర్డు కొనబోతున్నవారు పెట్టె మీద ఆ మాట ఉందేమో చూసుకోండి.

రీపర్ 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. చిన్న ఫైలు, పాత యంత్రం మీద కూడా పరుగెడుతుంది, రికార్డింగ్‌కు గట్టి పనిమంతురాలు. కానీ పెట్టెలో వాయిద్యాలు దాదాపు ఉండవు. డ్రమ్ముల శబ్దాలు మీరే తెచ్చుకోవాలి. కొత్తవారిని దీనిలోకి తోయడం ఈత రానివారిని బీచ్‌లో అలలు విరిగే చోట దింపడమే. ట్రాక్షన్ కంపెనీ వేవ్‌ఫార్మ్ ఫ్రీ కూడా ఉంది, ట్రాకులకు పరిమితి లేదు, ఉచితం. నేను తక్కువ వాడాను కాబట్టి ఇంతకంటే చెప్పను.

పెన్‌డ్రైవ్‌లో "అన్నీ ఉన్న ఫుల్ వెర్షన్" ఇస్తామనేవారు ఎప్పుడూ ఉంటారు. నేను ఒక దుకాణంలో అలాంటిది తెచ్చుకుని మూడో రోజున కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ చేయించుకున్నాను. ఉచితంగా, చట్టబద్ధంగా ఇన్ని దొరుకుతుంటే దొంగ కాపీకి కారణమే లేదు.

ఇప్పుడు రెండు పేర్లు మిగల్చండి. విండోస్, గొంతు వద్దు, డబ్బు వద్దు అంటే ఎల్ఎంఎంఎస్, ఎఫ్‌ఎల్ ట్రయల్. విండోస్, గొంతు కావాలి అంటే బ్యాండ్‌ల్యాబ్, ఎఫ్‌ఎల్ ట్రయల్. మ్యాక్ అయితే గ్యారేజ్‌బ్యాండ్, దానికి తోడు ఏదో ఒకటి. మూడోది వద్దు. మూడు దింపినవారు మూడింటిలోనూ మెనూలే చూస్తూ ఉండిపోవడం నేను చూశాను.

నాలుగో అడుగు: మొదటి దరువు

రెండింటిలోనూ సరిగ్గా ఇదే కట్టండి. టెంపో 90, అంటే నిమిషానికి 90 బీట్లు. గళ్లు పదహారు. కిక్ (లోతైన డ్రమ్ దెబ్బ) 1, 9, 11 గళ్లలో. క్లాప్ (చప్పట్లు) 5, 13లో. హైహ్యాట్ (సన్నని తాళాల శబ్దం) బేసి గళ్లన్నిటిలో: 1, 3, 5 అలా 15 వరకు. మోగించండి. 90 టెంపోలో ఒక బీటు సెకనులో మూడింట రెండు వంతులు, నాలుగు బీట్ల బార్ 2.67 సెకన్లు, ఎనిమిది బార్లు పేర్చితే 21 సెకన్లకు కాస్త ఎక్కువ. ఆ 21 సెకన్లు మీ మొదటి బీటు.

ఇప్పుడు దాన్ని ప్రాణం ఉన్న దరువుగా మార్చాలి. డప్పు వాయించేవారిని గమనించండి. ఒక చేతిలో లావుపాటి చిర్ర, మరో చేతిలో సన్నని చిటికెన పుల్ల. రెండు దెబ్బలూ ఒకే బలంతో పడవు. కంప్యూటర్ మాత్రం అన్ని హైహ్యాట్లనూ ఒకే బలంతో కొడుతుంది. దెబ్బ బలాన్ని వెలాసిటీ అంటారు. 3, 7, 11, 15 గళ్లలోని హైహ్యాట్ల వెలాసిటీని సగానికి తగ్గించండి. ఎక్కడ నొక్కాలో వెతకడానికి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తర్వాత స్వింగ్ అనే మీట వెతికి కొంచెం తిప్పండి, సరిసంఖ్య గళ్లలో ఏమైనా దెబ్బలు ఉంటే అవి కాస్త ఆలస్యంగా పడతాయి. మన బీటులో సరిసంఖ్య గళ్లు ఖాళీ కాబట్టి 8వ గడిలో ఒక మెత్తటి కిక్ పెట్టి, అప్పుడు తిప్పి వినండి.

అయిదో అడుగు: రెండో దరువు, అసలు పరీక్ష

తకిట తకధిమి. మూడు, నాలుగు, మొత్తం ఏడు. నోటితో అంటూ చేత్తో తొడ మీద వేయండి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో టెంపో పక్కన కనిపించే 4/4ను 7/8గా మార్చండి. గళ్లు పద్నాలుగు కావాలి, ఒక్కో అక్షరానికి రెండేసి గళ్లు. కిక్ 1లో. క్లాప్ 7, 11లో. హైహ్యాట్ 1, 3, 5, 7, 9, 11, 13లో. మూడు, రెండు, రెండుగా నడక వినబడాలి.

ఇక్కడే రెండు సాఫ్ట్‌వేర్లూ తమ గుణం బయటపెడతాయి. ఎల్ఎంఎంఎస్‌లో తాళం సంఖ్యలు పై పట్టీలోనే ఉంటాయి, గళ్లను పెంచడం తగ్గించడం మౌస్ కుడి నొక్కుతో వచ్చే మెనూలో ఉంటుంది. ఎఫ్‌ఎల్‌లో ప్యాటర్న్ (గళ్లలో కట్టిన ఒక దరువు ముక్క) నిడివి మార్చుకోవచ్చు. కొన్నిటిలో బార్ గీతలు మారతాయి కానీ తయారుగా వచ్చే లూపులన్నీ (తిరిగి తిరిగి మోగే ముక్కలు) నాలుగు లెక్కకే ఉంటాయి, ఏడులో పెడితే తోక తెగిపడుతుంది. మీ మూడో వాక్యంలో "నాలుగు చాలు" అని ఉంటే ఈ అడుగును ఒక సరదాగా తీసుకోండి. "ఏడు, అయిదు కావాలి" అని రాసుకున్నవారు మాత్రం ఇక్కడ ఏ సాఫ్ట్‌వేర్ విసిగించిందో దాన్ని మొహమాటం లేకుండా తీసేయండి. ఎంత పేరున్నదైనా సరే.

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి వైపు వెళ్లినప్పుడు వినబడే డప్పుల్లో ఎన్ని నడకలు ఉంటాయో లెక్కపెట్టి చూడండి. గళ్ల వరుస ఎందుకు ఇరుకవుతుందన్నానో తెలుస్తుంది.

ఆరో అడుగు: మీ శబ్దం లోపలికి వస్తుందా?

ఫోనులో రెండు శబ్దాలు రికార్డు చేయండి. ఒకటి ఇంట్లోది: స్టీలు బిందె మీద వేలి దెబ్బ, తలుపు గొళ్లెం, పప్పు డబ్బా ఊపడం. రెండోది ఊరిది. ఆర్కే బీచ్‌లో అల విరిగే శబ్దం కావాలంటే తెల్లవారుజామునే వెళ్లండి, జనం ఉండరు, గాలి కాస్త తక్కువ ఉంటుంది. ఫోను మైకు మీద పలుచటి చేతిరుమాలు కప్పితే గాలి హోరు తగ్గుతుంది.

ఫోను ఫైలు కొన్నిసార్లు ఎం4ఏ రూపంలో వస్తుంది, అన్ని సాఫ్ట్‌వేర్లూ దాన్ని తీసుకోవు. వేవ్ (WAV) ఫైలుగా మార్చుకోండి. ముందు వెనుక ఉన్న నిశ్శబ్దాన్ని కోసేయండి, లేకపోతే ప్రతి దెబ్బా ఆలస్యంగా పడినట్టు ఉంటుంది. ఆ ఫైలును లాగి రెండు సాఫ్ట్‌వేర్లలోనూ వాయిద్యాల వరుసలో వదలండి. క్లాప్ స్థానంలో బిందె మోగాలి. ఒకదానిలో లాగి వదిలితే చాలు, మరోదానిలో నాలుగు మెనూలు తిరగాలంటే జవాబు మీ చేతిలోనే ఉంది.

డప్పు కళాకారులను రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి, డబ్బు ఇవ్వండి, ఏం చేయబోతున్నారో చెప్పండి. సినిమా పాటలోంచి ముక్క కోసుకుని ఇంట్లో సాధన చేయడం వేరు. దాన్ని యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల తరఫున ఆటోమేటిక్‌గా క్లెయిము పడవచ్చు.

ఏడో అడుగు: తేల్చడం

రెండు సాఫ్ట్‌వేర్లకూ కాగితం మీద ఇవి రాసుకోండి: మొదటి శబ్దం వినిపించడానికి పట్టిన నిమిషాలు, వెలాసిటీ మార్చడానికి పట్టిన నిమిషాలు, ఏడు అక్షరాల నడక కుదిరిందా, బిందె మోగిందా, దాచిన ప్రాజెక్టు మర్నాడు తెరుచుకుందా, వేవ్ ఫైలుగా బయటికి వచ్చిందా. ఎఫ్‌ఎల్ ట్రయల్‌కు మర్నాటి ప్రశ్న వర్తించదు, అది ముందే తెలిసిన నియమం. మధ్యలో ఎన్నిసార్లు విసుగు పుట్టిందో కూడా రాయండి. అందం, రంగులు, ఫలానా పెద్ద సంగీత దర్శకుడు వాడతాడట అనే మాట ఈ కాగితం మీద రాయవద్దు.

ఎక్కువ ప్రశ్నల్లో గెలిచినదాన్ని ఉంచి రెండోదాన్ని కంప్యూటర్ నుంచి తీసేయండి. పక్కన పెట్టడం కాదు, తీసేయండి. మూడు నెలలపాటు వారానికి ఒక బీటు చొప్పున ముగించండి. అప్పటివరకు మిడి కీబోర్డు, ఖరీదైన స్పీకర్లు కొనవద్దు. కంప్యూటర్ కీబోర్డు అక్షరాలనే స్వరాలుగా వాయించే సౌకర్యం ఎల్ఎంఎంఎస్‌లో ఉంది, ఎఫ్‌ఎల్‌లో ఉంది, గ్యారేజ్‌బ్యాండ్‌లోనూ ఉంది. మూడు నెలల తర్వాత కూడా వేళ్లు కీల కోసం వెతుకుతుంటే 25 కీల చిన్న కీబోర్డు తీసుకోండి.

తయారైన వేవ్ ఫైలును ఫోనులోకి పంపుకుని ఫోను స్పీకర్‌లోనే వినండి. కిక్ దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే అంత చిన్న స్పీకర్ లోతైన శబ్దాలను పలకలేదు. మళ్లీ సాఫ్ట్‌వేర్ తెరిచి, అదే గళ్లలో కిక్‌కు తోడుగా బిందె దెబ్బను చాలా మెత్తగా పెట్టండి. తర్వాత తెలిసిన ఆటో డ్రైవర్ ఎవరైనా ఉంటే ఆయన స్పీకర్లలో ఒకసారి వేయించండి. మా వీధి చివర స్టాండులో ఉండే ఆయన నా మొదటి బీటు మొత్తం విని, "బాగుంది బాబూ, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు. ఆ రాత్రే మైకు రికార్డింగ్ ఉన్న ఎడిషన్ల పట్టిక చదవడం మొదలుపెట్టాను.